డాబా మీదకొచ్చి ఆగే డ్రోన్, ఎవరికి చెప్పాలండీ?

ప్రశ్న (సింగ్ నగర్, విజయవాడ):
నమస్తే అండి. మా వీధిలో ఒకబ్బాయి కొత్తగా డ్రోన్ కొన్నాడు, రోజూ సాయంత్రం ఎగరేస్తాడు, ఎగరేసుకోనీ నేనేం కాదనట్లా, కానీ అది తిన్నగా మా డాబా మీదకొచ్చి ఆగుతోంది. మొన్న అమ్మ పాతచీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతుంటే నెత్తి మీదకే దిగింది, ఆ గాలికి చీర అంచు లేచి తడి వడియాల మీద పడింది, అమ్మ హడలిపోయి కిందకొచ్చేసింది, ఇక డాబా ఎక్కనంటోంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదప్పుడు ఇదే డాబా మీద ఉన్నాం, డ్రోన్లతో పొట్లాలు, నీళ్లు పంపించేవాళ్లు, ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్లం. అందుకే డ్రోన్లంటే కోపం లేదు. దీనికి రూల్ ఏమన్నా ఉందా?

జవాబు (గుంటూరు):
అక్కా, నేను మిర్చి చేలల్లో డ్రోన్‌తో మందు కొడతా. ముందు దాని బరువు కనుక్కోండి, 2021 డ్రోన్ రూల్స్ చాలావరకు బరువు మీదే నడుస్తాయి. 250 గ్రాముల లోపుది నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, మైక్రోకి కూడా సరదాకైతే అక్కర్లేదు, అదే పెళ్లి వీడియోలు తీసి డబ్బులు తీసుకుంటే కావాలి. 250 గ్రాములు దాటిందా, రిజిస్టర్ చేసి నంబరు తీసుకోవాల్సిందే, ఫీజు 100 రూపాయలే, రూల్ తప్పితే జరిమానా లక్ష దాకా ఉంది. గ్రీన్ జోన్‌లో, అంటే ప్రభుత్వం డ్రోన్ మ్యాప్‌లో పచ్చరంగు వేసిన చోట, 400 అడుగుల దాకా పర్మిషన్ అక్కర్లేదు, ఎయిర్‌పోర్ట్ హద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్యయితే 200 అడుగులే. చూడండి, పైకి ఎంత వెళ్లొచ్చో కొలిచి పెట్టారు, మనింటికి ఎంత దూరంలో ఉండాలో మాత్రం కొలత పెట్టలా. ఇది పెట్టి తీరాలి. నంబరు కూడా అంతే, బండి గుద్దేసి పోతే ప్లేట్ చూసి పట్టుకుంటాం, గాల్లో ఉన్నదాని నంబరు ఎవరికి కనపడుద్ది? అది ఎవరిదో కింద ఉన్న మనిషికి ఫోన్లో తెలిసేట్టు చేయాలి.

ఇంకో జవాబు (బెంజ్ సర్కిల్ దగ్గర):
రాయిపెట్టి మాత్రం కొట్టకండి అమ్మా, పగిలితే తప్పు మీ మీదకొస్తుంది, కింద ఎవరి నెత్తి మీదన్నా పడుద్ది కూడా. వచ్చినప్పుడల్లా టైముతో సహా ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, ముందు వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడండి. వినకపోతే స్టేషన్లో కాగితం ఇవ్వండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునేటప్పుడో, స్నానం చేసేటప్పుడో చాటుగా తీస్తే అది డ్రోన్ రూల్స్‌తో పోదు, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 77వ సెక్షన్, జైలు కేసు.

మళ్లీ అడిగినావిడ:
నిన్న వెళ్లామండి. వాళ్ల నాన్న కిరాణా కొట్టు కాటా మీద తూచారు, 600 గ్రాములు దాటింది, నంబరు లేదు. ఆ అబ్బాయి ఫోన్లో డ్రోన్ తీసిన వీడియోలు తెరిపించారు, మూడింటిలో అమ్మ ఉంది, వాళ్లావిడ చూసి అక్కడే డిలీట్ చేయించింది. నంబరు వచ్చేదాకా బయటికి తీయనని డ్రోన్ బీరువాలో పెట్టారు. అమ్మయితే ఇంకా డాబా ఎక్కట్లేదు, వడియాల పిండి ఇంకో గిన్నెడు అలాగే ఉంది.