మంచుబండి లాగే కుక్కకు తెలుగులో ఏం పేరు పెడదాం?

నెల్లూరు: వారాంతాల్లో మా జట్టు డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెలుగులో ఆడుతోంది. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో పాత్రలై, పాచికలు వేసి ఆడే ఆట అది. కథ నడిపేది నేను. ఈసారి కథంతా మంచుదేశంలో. అక్కడ బండి లాగే కుక్కలున్నాయి, అలాస్కన్ మాలమ్యూట్ పోలికే గానీ ఇంకాస్త పెద్దవి. లెక్కలు తోడేలువే తీసుకున్నా. ఆట నియమాల 2014 నాటి ఐదో ఎడిషన్‌లో తోడేలుకు ప్రాణం 11 (అంత దెబ్బ తగిలితే పడిపోతుంది), కవచం 13 (దెబ్బ తగలాలంటే పాచికతో కనీసం అంత రావాలి). శత్రువు పక్కన తన జట్టుది ఇంకోటి ఉంటే కాటుకు పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. గుంపుగా బతికే జంతువుకు అది బాగా కుదిరింది. కుదరనిది పేరే. 'మంచు కుక్క' అన్నాను, అదేదో మంచుతో చేసిన భూతమనుకుని మావాడొకడు నిప్పుమంత్రం వేసేశాడు. పాపం కుక్క. 'జాగిలం' అంటే ఎలా ఉంటుందంటారు?

కావలి: జాగిలం వద్దు తమ్ముడూ. వాసన పట్టేది, వేటాడేది జాగిలం. పేపర్లో 'పోలీసు జాగిలాలు' అని రోజూ చూస్తూనే ఉన్నాం. మీ ఆట పుస్తకంలోనే 25 బంగారు నాణేలకు మాస్టిఫ్ కుక్కను అమ్ముతారు కదా, ముక్కూ చెవీ చురుకు, కరిచి కింద పడేస్తుంది. ఆ మాట దానికి ఉంచు. మాలమ్యూట్ కథ వేరు. అలాస్కాలో కోట్జెబ్యూ తీరాన మాలెమ్యూట్ అనే ఇనుపియాక్ తెగ జనం బరువులు లాగడానికి పెంచుకున్న జాతి అది. 34 నుంచి 39 కిలోలు తూగుతుంది. పరుగు కావాలనుకుంటే సైబీరియన్ హస్కీ ఉంది, అది 27 కిలోలు దాటదు. (ఆ హస్కీలను రోహిణి కార్తెలో నెల్లూరు ఫ్లాట్లలో పెంచేవాళ్లకు ఒక దండం.) కాబట్టి పేరులో లాగడం వినిపించాలి.

ఆత్మకూరు: మన నెల్లూరు తిక్కన ఉండగా ఇంత వెతుకులాట ఎందుకు? విరాటపర్వం నుంచి 15 పర్వాలు ఆయనవే, వాటిలో మహాప్రస్థానికం ఒకటి. హిమవంతం మీద అందరూ పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది కుక్కే కదా. 'సారమేయం' అనండి, గంభీరంగా ఉంటుంది.

కావలి: ఆ కుక్క వెంట నడిచింది గానీ ఏమీ లాగలేదు సార్! పైగా చివరికి అది ధర్మదేవత. దానికి ప్రాణం 11 అంటే ఏం బాగుంటుంది?

ఒంగోలు: లాగుడు మాటలు కావాలంటే మా జిల్లాకు రావాలబ్బాయ్. బండలాగుడు పందేలు చూసినవాళ్లకు 'లాగుడు' అనగానే బరువు తెలుస్తుంది. 'లాగుడు కుక్క' అనెయ్. ఇంకో సంగతి. కుక్కల్ని జతలు జతలుగా కడతారు కదా. మన జోడెడ్లలో ఎడమది దాపటిది, కుడిది ఎలపటిది. నిఘంటువుల్లో దాపల, వలపల అని ఉంటాయి. దాకేలు, వలకేలు అన్న చోట ఉన్న 'దా', 'వల' ఇవే. ఎప్పుడూ దాపట కట్టే ఎద్దును ఒకరోజు ఎలపట కట్టి చూడు, సాలు తప్పి, పక్కదాన్ని నెట్టి, మనిషిని సతాయిస్తుంది. దాన్నే ఆటలో నియమంగా పెట్టుకోవచ్చు: కుక్క పక్క మారితే పాచిక రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవాలి. ఎద్దుల మాట కుక్కలకేంటని అనుమానం వద్దు. అలాస్కాలో బండి తోలేవాళ్లు కుడికి తిప్పడానికి 'జీ' అనీ, ఎడమకు 'హా' అనీ అరుస్తారు. అవి ఇంగ్లీషు మాట్లాడే రైతులు ఎద్దుల్నీ గుర్రాల్నీ అదిలించే మాటలే. వాళ్ల నాగలి మాట మంచులోకి పోగా లేనిది మన దాపట పోకూడదా?

ఆటలో బలం ఏ మెట్టులో ఉందో చెప్పే లెవెల్‌కు కూడా మన దగ్గర మాట ఉంది. పందేల్లో గిత్తలకు వయసును బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలుంటాయి. 'ఆరు పళ్ల లాగుడు కుక్క' ఎదురొచ్చిందంటే టేబుల్ దగ్గర అందరూ సర్దుకుని కూర్చుంటారు. కుక్క పళ్ల లెక్క వేరే అని పశువైద్యులు నా మీదికి రావద్దు, ఇది ఆట.

దర్శి: 'కాడి కుక్క' అననందుకు సంతోషం అన్నా. కుక్క మెడ మీద కాడి ఉండదు. రొమ్ము చుట్టూ పట్టీలు, జతల నడుమ పొడుగ్గా ఒకటే తాడు. అన్నిటికంటే ముందున్నది దారి పడుతుంది, దాన్ని 'తోవ కుక్క' అనొచ్చు. బండికి ఆనుకుని ఉన్న జతకు మలుపుల్లో బరువంతా పడుతుంది, అందుకని అక్కడ గట్టివాటిని కడతారు. ఈ వెనక జతకు మాత్రం నాకు మాట తట్టలేదు.

నెల్లూరు: లాగుడు కుక్క, తోవ కుక్క ఖాయం చేశాం. దాపట, ఎలపట నియమం నిన్న ఆటలో పెట్టాను. మంచు వంతెన మీద పక్కలు మార్చి కట్టారు, బండి బోల్తా. ఒకడింకా 'దాపటి' అన్నది ఆ కుక్క ముద్దుపేరే అనుకుంటున్నాడు. వెనక జతకు మాట ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అలాగే బయల్దేరమనడానికి మంచుబండి తోలేవాళ్లు ఒకప్పుడు 'మష్' అనేవాళ్లు, దానికి ఏం పెట్టాలో కూడా తేల్చండి. ప్రస్తుతానికి 'హెయ్, పదండిరా' అని నెట్టుకొస్తున్నాం.