వీర్యకణం లేకుండా అండం నుంచి స్టెమ్ సెల్స్ ఎలా వస్తాయి?

ప్రశ్న
మా నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. వణుకు కంటే నడుస్తూ నడుస్తూ అడుగు ఆగిపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెడుతోంది. ఫలదీకరణ జరగని అండం నుంచి తీసిన, శరీరంలో ఏ రకం కణంగానైనా మారగల మూలకణాలతో, అంటే స్టెమ్ సెల్స్‌తో ఈ జబ్బుకు ప్రయత్నాలు జరుగుతున్నాయని చదివాను. వీర్యకణమే కలవకపోతే అండం ఎలా పెరుగుతుంది? పెరిగితే బిడ్డ అయ్యేదాన్ని చిదిమేసినట్టు కాదా? మనసొప్పడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1
ఎలుకల అండాల మీద నాలుగేళ్లు పనిచేశాను, నేను చూసింది చెబుతాను. వీర్యకణం చేరగానే అండంలో కాల్షియం అలలు అలలుగా లేస్తుంది. అండం విభజన మొదలుపెట్టేది దానితోనే. ఆ అలల్ని మేం స్ట్రాన్షియం క్లోరైడ్‌తో లేపేవాళ్లం. అండం బయటికి నెట్టేయబోయే క్రోమోజోముల్ని సైటోకలాసిన్ అనే రసాయనంతో లోపలే ఆపేవాళ్లం, తండ్రి నుంచి రావాల్సిన క్రోమోజోముల లోటు దానితో తీరుతుంది. మర్నాడు మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక కణం రెండయి ఉండేది. మొదటిసారి చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను. నాలుగైదు రోజులకు బ్లాస్టోసిస్ట్, అంటే లోపల ఖాళీ ఉన్న కణాల బంతి, అవుతుంది, దాని లోపలి కణాల ముద్ద నుంచి స్టెమ్ సెల్స్ తీస్తారు.

బిడ్డ మాత్రం కాదు. ఐజీఎఫ్2 లాంటి కొన్ని జన్యువులు తండ్రి నుంచి వస్తేనే పనిచేస్తాయి. అవి లేక మాయ (గర్భంలో పిండానికి పోషణ అందించేది) సరిగా ఏర్పడదు. 2004లో జపాన్‌లో టొమోహిరో కోనో బృందం ఇద్దరు తల్లుల జన్యువులతో కగుయా అనే ఎలుకను పుట్టించింది. దానికి జన్యువుల్నే మార్చాల్సి వచ్చింది. 457 అండాలతో మొదలుపెడితే పెరిగి పెద్దయింది అదొక్కటే.

జవాబు 2
మా అమ్మకూ ఇదే జబ్బు. ఇలాంటి అండాల స్టెమ్ సెల్స్ నుంచి పెంచిన నాడీ మూలకణాలను మెదడులోకి ఎక్కించే ట్రయల్ 2016లో మెల్‌బోర్న్‌లో మొదలైంది. అది 12 మందితో, ప్రమాదం ఉందా లేదా అని చూసే మొదటి దశ. డబ్బు కడితే ఇప్పుడే నయం చేస్తామనేవాళ్లను దయచేసి నమ్మకండి.

జవాబు 1 రాసినవారు
నిజం. నా దృష్టిలో ఈ కణాల అసలు విలువ ల్యాబ్‌లోనే ఉంది. 2016లోనే, మామూలుగా ఉండే రెండు వరుసలకు బదులు ఒకే వరుస క్రోమోజోములున్న మానవ స్టెమ్ సెల్స్‌ను ఇలాంటి అండాల నుంచి తీశారు. మామూలు కణంలో ఒక జన్యువును ఆపినా, దాని రెండో ప్రతి పని కానిచ్చేస్తుంది. వీటిలో ఆ రెండో ప్రతే లేదు. ఏ జన్యువు ఏం చేస్తుందో, ఏ మందు ఎక్కడ తగులుతుందో నేరుగా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు
బిడ్డ కాదని తెలిశాక మనసు కుదుటపడింది. నాన్నగారికి ఈ ఆశ ఇప్పుడే చెప్పను.

జవాబు 2 రాసినవారు
అడుగు ఆగిపోయే చోట నేల మీద అడ్డంగా రంగు టేపు గీతల్లా అంటించి చూడండి. మా అమ్మ వాటిని ఒక్కొక్కటే దాటుతూ గది అవతలికి వెళ్లగలుగుతోంది.