.22 రైఫిల్‌కి చవకైన స్కోప్: 3-9×40 చాలా, 6-24×50 కావాలా?

పదోవలయం:
.22 బోల్ట్ యాక్షన్ రైఫిల్, రిసీవర్ మీద 11 మి.మీ. డవ్‌టెయిల్ (స్కోప్ బిగించే గాడి). వాడేది కాగితం టార్గెట్ మీదే, 25, 50 మీటర్లలో. బడ్జెట్ చిన్నది. ఒకే ధరకి 3-9×40 (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మి.మీ. ముందు అద్దం), 6-24×50 రెండూ దొరుకుతున్నాయి. రెండోదానికి లైటు వెలిగే రెటికిల్ (గురి గీతలు), ఎఫ్‌ఎఫ్‌పి (జూమ్‌తో పాటు గీతలూ పెద్దవయ్యే ఏర్పాటు) కూడా ఉన్నాయి. రెడ్ డాట్ (జూమ్ లేకుండా ఎర్ర చుక్కతో గురి చూసేది) ఇంకా చవక. ఏది మేలండీ?

గాజుకన్ను:
3-9×40. అదే ధరలో అన్ని హంగులు ఇచ్చారంటే అద్దాల్లోనో లోపలి స్ప్రింగుల్లోనో కోత పెట్టినట్టే. 50 ని 24 తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం 2 మి.మీ. పైచిలుకు, అంతే. బొమ్మ మసకగా ఉంటుంది, తల కాస్త కదిలితే నల్లబడుతుంది. 40 ని 9 తో భాగిస్తే 4.4 మి.మీ. వస్తుంది. దూరం మారని కాగితం మీద ఎఫ్‌ఎఫ్‌పితో ఒరిగేదేమీ లేదు.

మీరు అడగని విషయం పారలాక్స్, అంటే కన్ను పక్కకి జరిగితే గీతలు టార్గెట్ మీద కదిలినట్టు కనిపించడం. .22కి అసలు చూడాల్సింది అదే. సెంటర్‌ఫైర్ (ఎక్కువ శక్తి గల తూటాల) రైఫిళ్ల కోసం చేసిన స్కోపుల్లో పారలాక్స్ సాధారణంగా 100 గజాలకి కట్టేసి ఉంటుంది. 40 మి.మీ. అద్దంతో అలాంటిది 25 మీటర్ల దగ్గర వాడితే, కన్ను పక్కకి జరిగినప్పుడు గురి 14 మి.మీ. దాకా తప్పవచ్చు. 50 గజాలకి కట్టిన రిమ్‌ఫైర్ (మీ .22 లాంటి వాటి) స్కోప్‌లో అది 9, మీ 50 మీటర్ల దగ్గరైతే 2 మి.మీ. లోపే. దూరానికి తగ్గట్టు పారలాక్స్ సరిచేయడానికి ముందు అద్దం చుట్టూ తిప్పే ఏఓ రింగ్ ఉన్నది దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి.

రెడ్ డాట్ వద్దు. 3 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) చుక్క 50 మీటర్ల దగ్గర దాదాపు 44 మి.మీ. మేర కప్పేస్తుంది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయమే 10.4 మి.మీ.!

మరబిళ్ళ:
పై మాటే నాదీ. ఇంకో కారణం: 50 మి.మీ. అద్దానికి ఎత్తు రింగులు (స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచేవి) కావాలి. చెంప స్టాక్ మీద ఆనదు, తల నిలవదు, పారలాక్స్ తప్పు ఇంకా పెరుగుతుంది.

రింగులు 11 మి.మీ. డవ్‌టెయిల్‌వే అడగండి, పికటిన్నీ అనే వెడల్పు పట్టాకి చేసినవి పట్టవు. ట్యూబ్ అంగుళమా, 30 మి.మీ.నా అన్నదీ చూసుకోండి. బిగించే ముందు జూమ్ 9 మీద పెట్టి, మామూలుగా చెంప ఆనించి, బొమ్మ అంచుల దాకా నిండుగా కనిపించే చోటికి స్కోప్‌ని జరపండి. పై మరలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. 2 న్యూటన్ మీటర్లు చాలు. అంతకు మించితే పల్చటి ట్యూబ్ నొక్కుకుపోయి జూమ్ రింగ్ పట్టేస్తుంది.

ఇదే స్కోప్‌ని తర్వాత స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి మార్చకండి. దాని కుదుపు వెనక్కీ ముందుకీ రెండు వైపులా ఉంటుంది, దానికి తగ్గట్టు చేయని స్కోప్ లోపలి భాగాలు వదులైపోతాయి.

పదోవలయం:
ఏఓ ఉన్న 3-9×40 ఒకటి చూశాను. కొన్నాక మంచిదో కాదో తేల్చేదెలా?

గాజుకన్ను:
వాపసు గడువు లోపలే బాక్స్ పరీక్ష చేయండి. 50 మీటర్ల దగ్గర, సంచుల మీద ఆనించి, ఒకే రకం తూటాలతో ఐదు కాల్చండి. తర్వాత గురి సర్దే నాబ్‌ని 40 క్లిక్కులు పైకి తిప్పి, ఐదు. 40 కుడికి, ఐదు. 40 కిందికి, ఐదు. 40 ఎడమకి, ఐదు. పావు ఎంఓఏ క్లిక్కులైతే ఆ చతురస్రంలో ఒక్కో భుజం 145 మి.మీ. దరిదాపుల్లో రావాలి. చివరి గుంపు మొదటి గుంపు మీదే పడాలి. భుజం కొద్దిగా పొట్టిగా వస్తే సర్దుకోవచ్చు, ఆ దూరాలకి అది పెద్ద లోపం కాదు. వెనక్కి రాకపోతే మాత్రం తిరిగి ఇచ్చేయండి.

ఏఓ రింగ్ మీద అంకెలు ఉజ్జాయింపే. రైఫిల్ ముట్టుకోకుండా తల పైకీ కిందికీ ఆడించండి, టార్గెట్ మీద గీతలు కదలడం ఆగిన చోట పెయింట్ చుక్క పెట్టుకోండి. 25కి ఒకటి, 50కి ఒకటి.