పెళ్ళికి పది రోజులే ఉంది, ముఖం మీద చారలు: తప్పు వంటింటిదా, నాదా?

కొర్లగుంట పాప:
అందరికీ నమస్కారం. తిరుచానూరులో మా అక్క పెళ్ళి. ఫోటోల్లో బాగుండాలని ఒక వీడియో చూసి నిమ్మరసం, వంటసోడా, టమాటా గుజ్జు కలిపి ముఖానికి పట్టించాను. ఇరవై నిమిషాలు ఉంచి, తడిగుడ్డతో పైపైన తుడుచుకొని, మండపం అడ్వాన్సు కట్టడానికి మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద పోయాను. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడు సాయంత్రం మంట మొదలైంది. మూడో రోజుకి చెంప నుంచి మెడ దాకా గోధుమరంగు చారలు, రసం ఎట్లా కారిందో అట్లాగే గీతలు గీసినట్టు. నలుగు పెట్టుకోమంటే వినలేదని అమ్మ తిడుతోంది. పార్లర్‌కి పోయుంటే ఈ గొడవే లేదని అక్క. ఇంతకీ వంటింట్లోవి ముఖానికి రాసుకోవచ్చా, కూడదా?

పాకాల జేజి మనవరాలు:
నిమ్మకాయ చేసిన పనికి వంటింటి మొత్తాన్నీ నిలదీస్తే ఎట్లమ్మా? మా జేజికి ఎనభై దాటాయి, ఇప్పటికీ ఒంటికి సబ్బు తగలనివ్వదు. పెసలు, పచ్చి శనగపప్పు, పసుపు కొమ్ములు, కచ్చూరాలు, బావంచాల గింజలు, ఎండిన తంగేడు పూలు, గులాబీ రేకులు ఎండబెట్టి మిషన్లో ఆడిస్తుంది. ఆ డబ్బా మూత తీస్తే ఇల్లంతా వాసన. జేజి చెయ్యి పట్టుకుని చూడాలి మీరు, ముడతలున్నా పట్టులా ఉంటుంది. కడుపులోకి పోయేవి చర్మానికి చెరుపు చేస్తాయా?

మందుల షాపు అన్న:
కడుపులోకి పోయేవన్నీ చర్మానికి మంచివైతే పచ్చిమిరపకాయ నూరి రాసుకోండి చూద్దాం.

కొర్లగుంట పాపా, విషయం ఇది. పులుపుని కొలిచే అంకెని పీహెచ్ అంటారు. చర్మం పీహెచ్ 5కి అటూ ఇటూ ఉంటుంది. నిమ్మరసానిది 2 దగ్గర. అంకె ఒక్కటి తగ్గితే పులుపు పదింతలు పెరుగుతుంది కాబట్టి మూడు తేడా అంటే వెయ్యింతలు. వంటసోడా నీళ్ళు దీనికి పూర్తిగా ఎదురు, 8 దాటుతాయి. రెండూ కలిస్తే బుస్సుమని పొంగుతాయి, ఆ పొంగు చూసి పనిచేస్తోందని సంబరపడతాం. నిజానికి అక్కడ చచ్చేది పులుపు ఒక్కటే, అసలు దొంగ అట్లాగే ఉంటాడు. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో చర్మం కాలినట్టవుతుంది, కొందరికి బొబ్బలు కూడా లేస్తాయి. రసం కారిన దారిలోనే మచ్చ పడడం దీని గుర్తు. వారాల్లో పోవచ్చు, నెలలు పట్టొచ్చు. రుద్దితే ఇంకా ముదురుతుంది. చర్మం డాక్టరుకి చూపించు, వెంటనే.

పాకాల అక్కా, మీ డబ్బాలోనూ ఒకటుంది. బావంచాలు. వాటిలో ఉండే సోరాలెన్ కూడా ఆ ఫ్యూరానోకౌమరిన్ల జాతిదే. బొల్లి మచ్చలకి సోరాలెన్ ఇచ్చి, కొలిచి కొలిచి అతినీలలోహిత కిరణాలు పెట్టే వైద్యం ఉంది. ఆసుపత్రిలో అంత జాగ్రత్తగా చేసేదాన్ని మనం పిండిలో కలిపి ఎండలోకి పోతున్నాం.

పాకాల జేజి మనవరాలు:
మా జేజి ఏ ఆసుపత్రికీ పోలేదన్నా. అయినా అడిగొస్తా ఉండండి.

నాటుమందుల అంగడి:
ఈ సరుకులు అమ్మేవాడిగా రెండు మాటలు. బావంచాలు పిడికెడు వేయమని ఎవరూ చెప్పలేదు, చిటికెడంటే చిటికెడే. చంటిబిడ్డల పిండికైతే మా నాయన ఇచ్చేవాడే కాదు. రెండోది పసుపు. కూరలో వేసే పొడి ముఖానికి రాసుకుని, పెళ్ళికూతురు పచ్చగా మిగిలిపోయిందని మళ్ళీ మా మీదికే వస్తారు. కస్తూరి పసుపు వేరు, లోపల రంగు లేతగా, వాసన కర్పూరంలా ఉంటుంది. ఏదైనా కొమ్ములే కొని ఆడించుకోండి, పొడిలో ఏ రంగు కలిసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంకొకటి, కొండకొచ్చిన యాత్రికులు రోజూ ఎర్రచందనం అడిగి, వాసన లేదు, నకిలీ అని గొడవపడతారు. వాసన శ్రీగంధానిది సామీ, శేషాచలం చందనానిది రంగు మాత్రమే. కొండ మీద గుండుకి పూసే గంధం చల్లదనానికి పూస్తారు, తెల్లబడడానికి కాదు.

చిత్తూరు చిన్నమ్మ:
ఇంటి చిట్కాలనే అంటున్నారు. మా ఆడబిడ్డ కూతురు మందుల అంగట్లో ఎవరో ఇచ్చిన తెల్లబడే క్రీము ఎనిమిది నెలలు రాసింది. మొదట నిజంగానే తెల్లబడింది. మానేసిన వారానికి ముఖమంతా ఎర్రగా, చన్నీళ్ళు తగిలినా మంట. అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. మా శనగపిండి ఎవరినీ ఇట్లా చేయలేదు.

మందుల షాపు అన్న:
మీరన్నది నిజం చిన్నమ్మా. చీటీ లేకుండా ఇవ్వకూడని క్రీములవి. ఇచ్చేవాళ్ళున్నారు, సిగ్గుచేటు. మీ శనగపిండితో నాకు ఏ తగాదా లేదు.

పాకాల జేజి మనవరాలు:
జేజిని అడిగాను. నిమ్మకాయ సంగతి చెప్పగానే నన్నే తిట్టింది. నలుగంటే ముందు ఒంటికి నువ్వుల నూనె పట్టించాలట, దాని మీద పిండి చల్లి, ఆరకముందే రుద్దేసి, వేన్నీళ్ళు పోసేయాలట. 'తెల్లారకముందే అయిపోవాల. రాసుకొని గోడకానుకొని కూచునేదానికి అదేమన్నా సున్నమా?' అంది. బావంచాలు ఎందుకు అంటే వాసనకి, ఎంత అంటే మూడు వేళ్ళకి వచ్చినంత. నలుగు పెట్టుకున్న పూట పొలానికి పోనిచ్చేవాళ్ళు కాదట వాళ్ళమ్మ.

కాబట్టి అన్నా, సగం ఒప్పుకుంటున్నాను. మా జేజి చేసింది స్నానం. నేను ఆదివారం పూట ముప్పావుగంట ఆరబెట్టుకుని, పెచ్చులు పెచ్చులుగా పీకి, ఎర్రబడితే గ్లో వచ్చిందనుకునేదాన్ని. పిండి అదే, పద్ధతి నాది.

మందుల షాపు అన్న:
నేనూ సగం ఒప్పుకుంటా. కడిగేసేదానికీ, రాసి వదిలేసేదానికీ చాలా తేడా ఉంది. అయినా పెళ్ళికూతురి పిండిలో బావంచాలు వద్దనే చెప్తా. ఏ పిండైనా మోచేతి మడతలో రాసి, ఒకటి రెండు రోజులు చూశాకే ముఖానికి. పెరుగుతో, నీళ్ళతో కలిపింది ఆ పూటకే, ఫ్రిజ్‌లో దాచి వారం వాడొద్దు.

కొర్లగుంట పాప:
డాక్టర్ దగ్గరికి పోయొచ్చాను. చూడగానే 'నిమ్మకాయా?' అన్నారు, వేసవిలో ఇట్లాంటివి వస్తూనే ఉంటాయట. చారల మీద ఏమీ రుద్దొద్దు, సన్‌స్క్రీన్ రాయి, గొడుగు వేసుకో అన్నారు. పెళ్ళిలోపు పోవు. ఫోటోల్లో నేను అక్కకి కుడిపక్కే నిలబడతాను, చారలు ఎడమ చెంపకి కదా. నలుగు అక్కకి మాత్రం తెల్లవారుజామున నాలుగుకి పెడతాం, బావంచాలు లేకుండా. అంగడి అన్నా, తంగేడు పూలు పావుకిలో ఉన్నాయా?

నాటుమందుల అంగడి:
అయిపోయాయి తల్లీ. సోమవారం వస్తాయి, పొద్దున్నే రా.