గుండు చేయించుకున్నాను, ఐడీ ఆపేశారు. ఎవరిని అడగాలి?

మియాపూర్ రైడర్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. కంపెనీ పేరు రాయను. బండి కిస్తీలు ఇంకా పదకొండు ఉన్నాయి.

పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్లాం. పనిలో పనిగా నా మొక్కు కూడా తీర్చుకున్నాను. కల్యాణకట్టలో తలతోపాటు మీసమూ పోయింది. మంగళవారం తిరిగి వచ్చి మధ్యాహ్నం స్లాటుకు యాప్ తెరిస్తే సెల్ఫీ అడిగింది. అది మామూలే. ఒకరి ఐడీతో ఇంకొకరు తిరగకుండా వారానికి రెండు మూడుసార్లు అడుగుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి తీశాను. సరిపోలలేదు. ఎండలోకి వచ్చి తీశాను. సరిపోలలేదు. గుండుకు రాసుకున్న గంధం అడ్డం వస్తోందేమోనని సీసాలో నీళ్లతో కడుక్కుని మూడోసారి తీశాను. అంతే, ఖాతా తాత్కాలికంగా ఆపేశామని ఎర్ర అక్షరాలు.

సహాయం నొక్కితే చాట్‌బాట్ వచ్చింది. ‘తిరుపతి వెళ్లి గుండు చేయించుకున్నాను’ అని రాశాను. ‘మీ ఆర్డర్ ఎక్కడ ఉందో తెలుసుకోవాలా?’ అని అడిగింది. అంత కోపంలోనూ నవ్వు వచ్చింది. ఆధార్, లైసెన్సు, చివరికి దర్శనం టికెట్ కూడా ఫోటో తీసి పంపాను. మా టీమ్ లీడర్ వీడియో కాల్‌లో నన్ను చూసి, ‘నువ్వేనని నాకు తెలుసు అన్నా, కానీ తెరిచే అధికారం నాకు లేదు’ అన్నాడు.

ఈ రోజుకు తొమ్మిది రోజులు. పెట్రోలు పోను రోజుకు ఏడెనిమిది వందలు మిగిలేవి. ముఖం చూసి పని ఆపేసే యంత్రాలకు మన దేశంలో చట్టం ఏదైనా ఉందా? ‘ఒక మనిషి చూసి చెప్పండి’ అని గట్టిగా అడిగే హక్కు నాకు ఉందా, లేదా?

కోడ్ రాసే కూలీ:
ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద రెండేళ్లు పనిచేశాను. అది మీ ముఖాన్ని కొన్ని అంకెలుగా మార్చి, చేరిన రోజు తీసిన ఫోటో అంకెలతో పోల్చి మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు వస్తే పాస్ అన్నది మాత్రం కంపెనీలో మనుషులే కూర్చుని నిర్ణయిస్తారు. ఆ గీత పైకి జరిపితే దొంగ ఐడీలు తగ్గుతాయి, మీలాంటివాళ్లు ఎక్కువమంది ఇరుక్కుంటారు. కిందికి జరిపితే లెక్క తిరగబడుతుంది. కాబట్టి ‘సిస్టమ్ ఆపేసింది’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో మాట. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు ముఖాలు చూసే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్ల మగవాళ్ల ముఖాల్లో తప్పులు 1 శాతం దాటలేదు. నల్ల మహిళల ముఖాల్లో ఒకదానికి 34 శాతం పైన వచ్చాయి. అది ఆడా మగా చెప్పే పరీక్ష, మీది వేరు. కానీ సెల్లార్ చీకట్లో మన ఛాయ ముఖాలతో దాన్ని ఎంత పరీక్షించారో అడగాల్సిందే.

గచ్చిబౌలి గృహిణి:
బాబూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ సెల్ఫీని తీసేయమని మాత్రం అడగకండి. రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు తీస్తే, యాప్‌లో ఉన్న ఫోటో ఒకటి, ఎదురుగా నిలబడ్డ మనిషి ఇంకొకరు. నాకు రెండుసార్లు జరిగింది.

మియాపూర్ రైడర్:
నిజమే అమ్మా. ఐడీ అద్దెకు ఇచ్చేవాళ్లు మాలోనూ ఉన్నారు, మా బావమరిదే ఇచ్చాడు. సెల్ఫీ ఉండనివ్వండి. కుదరనప్పుడు ఫోను ఎత్తే మనిషిని పెట్టమంటున్నాను.

కోర్టు మెట్లు:
వకీలును. ముందు చేదు మాట: మీరు అడిగిన హక్కు మన కేంద్ర చట్టాల్లో సూటిగా లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీ వివరాల్లో తప్పులుంటే దిద్దమని అడగనిస్తుంది. యంత్రం తీసుకున్న నిర్ణయాన్ని మనిషి మళ్లీ చూడాలని చెప్పదు. సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికులను, అంటే మీలాగా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లను గుర్తించింది, కానీ దాని దృష్టి బీమా, సంక్షేమ నిధుల మీద.

యూరప్‌లో పరిస్థితి వేరు. యంత్రమే తమను తీసేసిందని కొందరు ఉబర్ డ్రైవర్లు కోర్టుకు వెళ్లారు. మా మనుషులు చూశారని కంపెనీ వాదించింది. ఆ చూడటం పేరుకేనని 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు కోర్టు తేల్చింది. మనిషి ఉంటే చాలదు, అతనికి మార్చే అధికారం ఉండాలి. మీ టీమ్ లీడర్‌నే చూడండి. ఆ తర్వాత 2024లో వచ్చిన యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం ఖాతాను రద్దు చేసినా, తాత్కాలికంగా ఆపినా ఆ నిర్ణయం మనిషే తీసుకోవాలి. దాన్ని తమ చట్టాల్లో చేర్చుకోవడానికి సభ్యదేశాలకు 2026 డిసెంబరు వరకు గడువు.

మనకు దగ్గరలో కర్ణాటక ఉంది. అక్కడి 2025 గిగ్ కార్మికుల చట్టం కింద కార్మికుణ్ని తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, 14 రోజుల ముందు చెప్పాలి, మినహాయింపులు ఉన్నాయి. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది.

ఇప్పటికి చేయగలిగింది: స్క్రీన్‌షాట్లన్నీ తేదీలతో దాచుకోండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. కారణం రాతపూర్వకంగా అడగండి. సంఘం ఉంటే వాళ్ల ద్వారా కార్మిక శాఖకు వెళ్లండి.

మియాపూర్ రైడర్:
వకీలు గారూ, చాలా థాంక్స్. ఒక అనుమానం. నన్ను ‘తీసేశాం’ అని వాళ్లు ఎక్కడా రాయలేదు, ‘తాత్కాలికంగా’ అనే రాశారు. కర్ణాటక లాంటి చట్టం మనకూ వచ్చిందనుకుందాం, నెల రోజులైనా అదే మాట ఉంచితే ఆ 14 రోజుల లెక్క ఎప్పుడు మొదలవుతుంది?

కోర్టు మెట్లు:
కంపెనీలు ఆ మాటే వాడేది అందుకే. యూరప్ ఆదేశంలో ‘తాత్కాలికంగా ఆపినా’ అని విడిగా రాసింది ఆ సందు మూయడానికే. తెలంగాణ చట్టంలోనూ ఆ మాట ఉండాలని అడగాల్సింది మీ సంఘమే.

మియాపూర్ రైడర్:
పన్నెండో రోజు తెల్లవారుజామున ఐడీ దానంతట అదే తెరుచుకుంది. ఎవరు తెరిచారో, ఎందుకు ఆపారో ఒక్క ముక్క లేదు. ఈమెయిల్‌కు జవాబూ లేదు. ఈసారి సెల్ఫీ ఒక్క దెబ్బకు సరిపోయింది, వేలెడు జుట్టయినా రాలేదు.

మా అడ్డాలో ఇంకొక కుర్రవాడు వచ్చే నెల కొండకు వెళ్తున్నాడు. గుండు వద్దురా, ఆడవాళ్లలాగా మూడు కత్తెరలు ఇచ్చి రమ్మన్నాను. వాళ్ల అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.