1025లోకి వట్టి చేతులతో దింపేస్తే ఏం చేసి చూపిస్తారు?

ఇసుకగడియారం:
సరదా ప్రశ్నే గానీ షరతులు గట్టివి. మిమ్మల్ని 1025వ సంవత్సరంలో దింపేశారు. ఒంటిమీద బట్టలు తప్ప ఫోను, పుస్తకం, చీటీ ఏమీ లేవు. అక్కడి భాష మాత్రం వచ్చేస్తుంది, అది నా తరఫున ఉచితం. గడువు ఏడాది. సాయానికి కమ్మరో కంచరో కుమ్మరో ఒకరుంటారు, కానీ అప్పటికి వాళ్ళకి తెలిసిన పనే చేయగలరు. ఒకే ఒక్కటి. ఏం చేసి చూపిస్తారు?

తుపాకీ మందు అనకండి. 1044 నాటి చైనా యుద్ధవిద్య గ్రంథంలో దాని పాళ్ళు రాసే ఉన్నాయి. వాళ్ళకి మీరు నేర్పేదేం లేదు.

తోకచుక్క:
పెన్సిలిన్. ఇంకో మాట లేదు.

నడిజాము:
తోకచుక్క గారూ, బూజు పట్టించడం కాదండీ కష్టం. ఫ్లెమింగ్ దాన్ని గమనించింది 1928లో, మనిషికి ఎక్కించి చూసింది 1941లో. మధ్యలో అడ్డుపడింది బూజు కాదు, ఆ రసంలోంచి మందు చెడిపోకుండా బయటికి లాగడం. అంతా కష్టపడి తీసినా చాలక, రోగి మూత్రంలోంచి కూడా వెనక్కి తీసి మళ్ళీ అతనికే ఎక్కించారు. పైగా కంటికి కనిపించిన ప్రతి బూజూ ఆ బూజు కాదు.

నాదైతే ఉప్పు-పంచదార నీళ్ళు. నవ్వకండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో పైన గీసిన టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అంతే. పేగు గోడలో ఉప్పునీ గ్లూకోజునీ జంటగా లోపలికి లాక్కునే ద్వారం ఉంది. విరేచనాలు ఎంత ఉధృతంగా ఉన్నా అది చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది, ఆ రెంటి వెనకే నీళ్ళూ వెళ్తాయి. ఈ సంగతి 1960లలో గానీ తేలలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో సెలైన్ అయిపోయినప్పుడు ఇదే తాగించి జనాన్ని నిలబెట్టారు. కొలిమి అక్కర్లేదు, కంచరి అక్కర్లేదు, ఏడాది కూడా అక్కర్లేదు.

కొలిమిసెగ:
ఆవిరి యంత్రం. జేమ్స్ వాట్‌ది కాదు. దాని జోలికెళ్తే సిలిండర్ లోపలి గుండ్రం దగ్గరే మన పని అయిపోతుంది. విల్కిన్సన్ తొలిచే యంత్రం 1774లో వచ్చేదాకా వాట్‌కే గతి లేదు. నేను చేసేది 1712 నాటి న్యూకొమెన్ రకం. అందులో నొక్కేది ఆవిరి కాదు, బయటి గాలి. సిలిండర్ నిండా ఆవిరి నింపి లోపలికి చన్నీళ్ళు చిమ్మితే ఆవిరి కాస్తా నీరవుతుంది, లోపల ఖాళీ ఏర్పడుతుంది, పైనున్న గాలి పిస్టన్‌ని కిందికి తొక్కేస్తుంది. బాయిలర్‌లో ఒత్తిడి బయటి గాలికన్నా కొద్దిగా ఎక్కువుంటే చాలు కాబట్టి పేలుడు భయం తక్కువ. పిస్టన్ చుట్టూ సందులుంటే? అంచుకి తోలు కట్టి, దాని మీద నీళ్ళు నిలబెట్టాలి. న్యూకొమెన్ చేసిందీ అదే.

మొదటిదాని సిలిండర్ అడ్డంగా 21 అంగుళాలు, పొడవు 8 అడుగులకి కాస్త తక్కువ. నిమిషానికి 12 దెబ్బలు, దెబ్బకి 45 లీటర్ల నీళ్ళు, 46 మీటర్ల లోతునుంచి. అయిదారు గుర్రాలు ఆపకుండా చేసే పని. గంటలు పోతపోసే వాళ్ళు 1025లో ఉన్నారు, సిలిండర్ వాళ్ళే పోస్తారు.

నడిజాము గారిది బాగానే ఉంది గానీ, 1025లో "లీటరు" ఎక్కడిది?

భూతద్దం:
ఎనిమిదడుగుల ఇత్తడి పోత ఏడాదిలోనా? మొదటి పోతలో గాలి బుడగలొస్తే (వస్తాయి) మళ్ళీ మూస దగ్గర్నుంచి మొదలు. సరే, యంత్రం నడిచిందనుకుందాం. గనిలో నీళ్ళు తోడే అవసరం, గని పక్కనే దండిగా బొగ్గు, ఈ రెండూ ఒకేచోట లేకపోతే అది అడవుల్ని తినే భూతం.

నా ఓటు గాజుపూసకి. గాజు కడ్డీని మంటలో మెత్తబరిచి రెండు చేతులా లాగితే వెంట్రుకంత పోగు వస్తుంది. దాని కొసని మళ్ళీ మంటలో పెడితే తనంతట తనే గుండ్రమవుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల పూస చాలు. సాన లేదు, మెరుగు లేదు. ఆ పూస నాభి దూరం, అంటే పూస మధ్యనుంచి కిరణాలు కూడే చోటిదాకా, దాని వ్యాసంలో సుమారు ముప్పాతిక వంతు, అంటే 1.1 మిల్లీమీటర్లు. వస్తువు 220 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. పూసకన్నా చిన్న బెజ్జమున్న రెండు రాగి రేకుల మధ్య దాన్ని బిగించి, కంటికి ఆనించి, వెలుతురు కేసి చూడాలి. నిలవ నీటిలో పురుగులు, రక్తంలో కణాలు కనిపిస్తాయి. లేవెన్‌హుక్ 1670లలో ఇలాంటి ఒంటికటకంతోనే చూశాడు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తా. నూనె దీపం మసి పూసకి అంటుకుంటుంది, కాబట్టి కంసాలి ఊదుగొట్టంతో మంటని పక్కకి ఊది, దాని నీలి కొసలోనే కరిగించాలి. పోగు వేగంగా లాగితే బుడగలు సాగి చారలవుతాయి. ఆనాటి గాజు పచ్చగా ఉంటుంది గానీ, ఇంత చిన్న పూసలో ఆ రంగు లెక్కలోకి రాదు. పదింటిలో రెండు పనికొచ్చినా నాకు చాలు. చూసే వస్తువు పూస ఉపరితలానికి 0.4 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, అందుకే దాన్ని సూది మొన మీద పెట్టి మరతో (స్క్రూతో) జరపాలి. మర చెక్కడం ఒక్కటే ఇందులో అసలు పని.

గాలిపటం:
అందరూ ఇంత గంభీరమా! వేడిగాలి బెలూన్. లోపలి గాలి 100 డిగ్రీలు, బయట 20 ఉంటే ఘనమీటరుకి పావుకిలో లేస్తుంది. 11 మీటర్ల గోళం అంటే సుమారు 700 ఘనమీటర్లు, 175 కిలోల ఎత్తుబలం. గుడ్డ 380 చదరపు మీటర్లు, లోపల కాగితం అతికించి మీటరుకి 200 గ్రాములనుకుంటే 76 కిలోలు. మనిషి 65, బుట్టా మంట పళ్ళెం 30. సరిపోయింది, బొటాబొటిగా. పటికనీళ్ళలో ముంచి ఆరబెడితే గుడ్డ తొందరగా అంటుకోదు. 1783లో మోంగోల్ఫియర్ అన్నదమ్ములు వాడినవన్నీ వెయ్యేళ్ళ కిందటా దొరుకుతాయి.

తోకచుక్క:
దిగేదెలా?

గాలిపటం:
మంట తగ్గిస్తే అదే దిగుతుంది. ఎక్కడ దిగాలన్నది గాలి ఇష్టం.

కొలిమిసెగ:
నా ప్రశ్నకి జవాబు రాలేదు. లీటరు ఎక్కడిది? చెంచా ఎంత? ఉప్పు ఎక్కువైతే ఆ నీళ్ళే పసిపిల్లల్ని చంపుతాయి. పంచదార ఎక్కువైతే పేగులోకే నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. కొలత లేనివాడి చేతిలో మీ మందు విషం.

నడిజాము:
కొలత అక్కర్లేదండీ, పాళ్ళు చాలు. పరిమాణంలో ఉప్పు ఒక వంతుకి పంచదార 12 వంతులు, నీళ్ళు 400 వంతులు. ఏ చిప్పతో కొలిచినా అవే పాళ్ళు. పైగా నాలుకే తూకం: కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోయాలి. పంచదార దొరకని చోట 50 గ్రాముల బియ్యప్పిండి లీటరు నీళ్ళలో ఉడికించి, అదే ఉప్పు వెయ్యండి. పిండి కడుపులో గ్లూకోజుగా విడిపోతుంది.

కొలిమిసెగ:
"50 గ్రాములు", "లీటరు". మళ్ళీ మొదటికే వచ్చారు. పోనీ పాళ్ళే అనుకుందాం. కల్లుప్పు ఒక చిప్పా, నూరిన ఉప్పు ఒక చిప్పా బరువులో ఒకటేనా? గింజ పెద్దదైతే మధ్యలో ఖాళీలు ఎక్కువ. గుట్టగా తీస్తే ఇంకో లెక్క.

ఇసుకగడియారం:
లీటరు కావాలంటే లోలకం ఉంది. ఒక పక్కనుంచి ఇంకో పక్కకి సెకనులో ఊగే లోలకం పొడవు 99.4 సెంటీమీటర్లు. సూర్యుడు 15 డిగ్రీలు జరిగేలోపు 3600 ఊపులు వచ్చేదాకా దారం సరిచేసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అందులో పదో వంతున్న డబ్బా దాదాపు లీటరు. సూర్యుడికి బదులు నక్షత్రాన్ని చూస్తే రోజు నాలుగు నిమిషాలు తక్కువ, పొడవులో అర శాతం తేడా వస్తుంది. ఉప్పునీళ్ళకి అదేం లెక్క కాదు.

నడిజాము:
థాంక్స్ అండీ. కొలిమిసెగ గారికి ఇక అభ్యంతరం ఉండదనుకుంటా.

కొలిమిసెగ:
ఉంది. గింజ సైజు.

నడిజాము:
ఇది మీకు అలవాటే. పోయిన నెల గడియారాల చర్చలో ఇదే లోలకం లెక్క నేను పెడితే "పుస్తకాల చదువు" అని కొట్టిపారేశారు. ఇవాళ మీకు గింజల సైజు కావాలా? మీ సిలిండర్ గుండ్రం ఎంత తేడాతో వస్తుందో ఒక్క అంకె చెప్పారా?

కొలిమిసెగ:
తోలూ నీళ్ళూ అని చెప్పాను. చదవకపోతే నా తప్పా?

భూతద్దం:
గొడవ చెంచా దగ్గర ఆగిపోయింది. అసలు చిక్కు అది కాదు. నడిజాము గారూ, మీ నీళ్ళు తాగితే విరేచనాలు ఆగుతాయా?

నడిజాము:
ఆగవు. ఒంట్లో నీరు నిలుస్తుంది, మనిషి బతుకుతాడు. విరేచనాలు వాటంతట అవి కొద్ది రోజుల్లో తగ్గుతాయి.

భూతద్దం:
అదే కదా. తల్లి కళ్ళెదుట ఏం జరుగుతుంది? తాగించిన కొద్దీ బయటికి పోతూనే ఉంటుంది. "ఈ పరదేశి నీళ్ళు పోస్తున్నాడు, బిడ్డకి ఎక్కువవుతోంది" అనే అంటారు. మొదటి సాయంత్రమే గిన్నె తన్నేస్తారు. ఇది ఊహ కాదు, సెమ్మెల్‌వైస్ సంగతి తెలుసుగా. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో బ్లీచింగ్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు పోతుంటే, జూన్‌కి రెండుకి దిగింది. అంకెలు ఎదురుగా ఉన్నా తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు. ఎందుకంటే చేతికి అంటుకున్నదేంటో అతను చూపించలేకపోయాడు. నా పూస చూపిస్తుంది. చూసినవాడు ఇంకొకడికి చూపిస్తాడు, నేను పోయినా అది నిలుస్తుంది.

నడిజాము:
చూపించి? లేవెన్‌హుక్ బాక్టీరియాని చూసింది 1676లో. రాజుల దగ్గర్నుంచి పండితుల దాకా వచ్చి చూసి వెళ్ళారు. కలరాకి ఫలానా క్రిమి అని కోఖ్ తేల్చింది 1884లో. రెండొందల ఏళ్ళు జనం మీ పూసలోంచి వింత చూసి చప్పట్లు కొట్టారు, పిల్లలు పోతూనే ఉన్నారు. మీకు కావాల్సింది మందు కాదు, చప్పట్లు. గాలిపటం గారు నయం, ఆ మాట దాచలేదు.

గాలిపటం:
నన్నెందుకు లాగుతారు, నేను గాల్లో ఉన్నా.

భూతద్దం:
చప్పట్లా! ఏడాదిలో వంద మందిని బతికించి మీరు పోతే నూట ఒకటోవాడి సంగతేంటి? లేవెన్‌హుక్‌కి తను చూస్తున్నదేంటో తెలీదు, నాకు తెలుసు. నేరుగా కైరోకి పోయి ఇబ్న్ అల్-హైతమ్ చేతిలో పెడతా. కాంతి మీద ఆయన పెద్ద గ్రంథం అప్పటికి పూర్తయింది. ఇబ్న్ సీనా కూడా బతికే ఉన్నాడు, వైద్య గ్రంథం ముగించింది ఆ ఏడాదే అంటారు. ఆ ఇద్దరికీ చూపిస్తే చాలు.

నడిజాము:
ఇద్దరు పండితులు చాలని మీరంటున్నారు. గిన్నె పట్టుకున్న తల్లి చాలని నేనంటున్నాను. విరేచనాలు ఆగవని ఆమెకి ముందే చెప్తా. "ఆగవు, కానీ రేపు పొద్దున్నకి కళ్ళు లోపలికి పోవు, ఏడిస్తే కన్నీళ్ళొస్తాయి, మూత్రం పోస్తాడు" అని. ఏం గమనించాలో చెప్తే ఆమెకి మీ పూస అక్కర్లేదు. వాంతయితే పది నిమిషాలాగి మళ్ళీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. ఆ ఓపిక పండితుడికి ఉండదు. ఒకామె పక్కింటామెకి చెప్పుకుంటుంది, నిలవడం అంటే అదే.

తోకచుక్క:
ఇసుకగడియారం గారూ, "చేసి చూపిస్తారు" అని రాశారు చూడండి. ఒకాయన "చేసి" పట్టుకున్నారు, ఇంకొకాయన "చూపిస్తారు" పట్టుకున్నారు.

ఇసుకగడియారం:
నేను రెండూ అనుకునే రాశా. ఇప్పుడు చూస్తే రెండూ ఒకే వస్తువులో దొరికేలా లేవు. బెలూన్ తప్ప.

భూతద్దం:
బెలూన్ చూసి ఎవడి రోగం కుదిరింది?

గాలిపటం:
నాది. విసుగు రోగం.

కొలిమిసెగ:
గింజ సైజు గురించి ఆలోచించా. నీళ్ళలో ఇక కరగనని మొరాయించి, అడుగున ఉప్పు మిగిలేదాకా కలపండి. కల్లుప్పయినా నూరినదైనా ఒక్కటే, నీళ్ళు వాటికి చాతనైనంతే పట్టుకుంటాయి. వేడి మారినా పెద్ద తేడా రాదు, ఉప్పు గుణమే అంత. ఆ చిక్కటి ఉప్పునీళ్ళు లీటరులో దాదాపు 317 గ్రాముల ఉప్పుంటుంది. పైన తేరిన నీళ్ళు ఒక చిప్ప తీసి 120 చిప్పల మంచినీళ్ళలో కలిపితే లీటరుకి 2.6 గ్రాములు, ఇప్పటి ఓఆర్‌ఎస్ పొట్లాల మీద రాసినంతే. తూకం లేదు, గింజ గొడవ లేదు. పంచదార పాళ్ళు మీరు చెప్పినవే.

చేదు తగిలితే ఆ ఉప్పులో మెగ్నీషియం ఉన్నట్టు. నీళ్ళు తేర్చి ఎండబెట్టండి, ముందు పేరుకున్న ఉప్పే తీసుకుని, అడుగున మిగిలిన చేదు నీళ్ళు పారబోయండి.

నేను మాత్రం ఆవిరి యంత్రమే చేస్తా.