పెద్ద కుక్కను బాయికాడికి ఇవ్వొచ్చా, ఇంటికే ఇవ్వాలా?

సుబేదారి వాసి:
మా ఇంట్లో నాలుగేళ్ల ఆడ జర్మన్ షెపర్డ్ ఉంది. 34 కిలోలు. పెంచింది తమ్ముడు. వాడికి పుణెలో ఉద్యోగం వచ్చింది, అక్కడ నలుగురితో కలిసి ఒకే రూములో ఉంటున్నాడు. ఇక్కడ అమ్మానాన్నలే మిగిలారు. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. మొన్న వాకింగ్‌లో అది పిల్లిని చూసి గుంజితే రోడ్డు మీద పడిపోయారు. కాబట్టి ఇచ్చేయడం ఖాయం, దాని గురించి నన్ను తిట్టకండి.

అడుగుతున్నవాళ్లు ఇద్దరు. ఒకాయన నర్సంపేట వైపు రైతు, నాన్నకు ఎరుకే. మామిడి తోట, పక్కనే మిర్చి. కోతుల బాధకు, కల్లం కాపలాకు కావాలట. రెండో ఆయనది కరీంనగర్, సొంతిల్లు. ఇప్పటిదాకా ఫోన్లోనే మాట్లాడాడు. తోటలో హాయిగా తిరుగుతుందని తమ్ముడంటాడు. నాకే మనసొప్పట్లేదు. ఇంట్లో పెరిగినదాన్ని ఇంటికే ఇవ్వాలి కదా?

ఖిలా కుర్రాడు:
ఇందులో టెన్షన్ ఏముంది అక్కా, తోటకే ఇచ్చేయండి. గొర్రెల మందలు కాసిన జాతి అది. దాన్ని రెండు గదుల్లో పెట్టి కూలర్ ముందు పడుకోబెట్టడమే అసలు పాపం.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, తోట అంటే నువ్వేదో ఊహించుకుంటున్నావు. పొద్దంతా మోటారు షెడ్డు దగ్గర మూరెడు గొలుసు, రాత్రయితే విడిచిపెడతారు. మనిషి మొహం కనపడేది అన్నం పెట్టేటప్పుడే. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, అసలు తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరమే. కానీ మొదటిసారి జరిమానా 50 రూపాయలు దాటదు. దానికి ఎవరు భయపడతారు? నా ఓటు ఇంటికే.

పరకాల పత్తి రైతు:
పొట్టి గొలుసు మా దగ్గరే ఉందా? హన్మకొండలో గేటు పక్కన, డాబా మీద పొద్దుమాపు కట్టేసి ఉంచే ల్యాబ్రడార్లు నాకు కనబడవా? మా బాయికాడ కుక్క మాతోపాటే గట్క తింటది, మంచం కింద పంటది. రైతు అనగానే కసాయి అనుకోకండి.

అయినా చెల్లె, వెంటనే ఇచ్చేయమని నేను కూడా అనను. ముందు కరెంటు తీగ సంగతి కనుక్కో. అడవి పందుల కోసం మక్క చేన్ల చుట్టూ దొంగచాటుగా తీగలు పెడతారు. వాటికి మనుషులే పోతున్నారు, రాత్రి విడిచిన కుక్క ఎంత? మీ నాన్నకు ఎరుకైన రైతు మంచోడే కావచ్చు, పక్క చేనాయన సంగతేంది? ఇంకోటి, కల్లం. మిర్చి ఏరుడు అయిపోయి బస్తాలన్నీ ఏనుమాముల మార్కెట్‌కు పోయినంక అక్కడ కాపలా పనే ఉండదు. మరి మే నెలలో ఆ కుక్కకు బువ్వ పెట్టేది ఎవరు? ఆ ఇంటివాళ్లు తోటలోనే ఉంటారా, ఊళ్లో పడుకుని పొద్దున వస్తారా? నేనైతే మొదట అడిగేది అదే.

ఖిలా కుర్రాడు:
రైతు కసాయి కాదంటూనే మా అక్కను బాగా భయపెట్టావు అన్నా.

రిటైర్డ్ పశువైద్యుడు:
మే నెల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. షెపర్డ్‌కు రెండు పొరల బొచ్చు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పితేనే వేడి దిగుతుంది. మన దగ్గర 44 డిగ్రీలు కాసే రోజుల్లో రేకుల షెడ్డు కింద కట్టేస్తే వడదెబ్బకు గంటల్లో చనిపోవచ్చు. చెట్ల నీడ, ఎప్పుడూ నీళ్లు ఉంటే తోటలో ఆ భయం చాలావరకు ఉండదు. పశువులున్న చోట పిడుదుల బెడద ఉంటుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఈ జాతికి కాస్త గట్టిగానే వస్తుంది. క్రమం తప్పకుండా మందు వేసే మనిషి కావాలి, ఏటా రేబిస్ టీకా వేయించాలి.

ఇంతకీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా?

సుబేదారి వాసి:
లేదు సార్. కరీంనగర్ ఆయన కూడా ఇదే అడిగాడు. చేయించలేదంటే సంతోషించాడు. కాగితాలున్నాయా, ఎదకు ఎప్పుడొచ్చింది అని కూడా అడిగాడు. ఏం తింటుందని మాత్రం అడగలేదు.

కాజీపేట జంక్షన్:
ఆయనకు కావలసింది కుక్క కాదు, దాని పిల్లలు. ఇంటికే ఇవ్వమన్నాను గానీ, అది ఇల్లు కాదు అక్కా, దుకాణం.

జమ్మికుంట నుంచి:
ఎవరికీ ఉచితంగా ఇవ్వకండి. ఐదు వేలు అడిగితే ఊరికే అడిగేవాళ్లు తప్పుకుంటారు.

కాజీపేట జంక్షన్:
డబ్బు పెట్టి కొన్నవాడు, మళ్లీ అమ్ముకునే హక్కు కూడా కొన్నాననుకుంటాడు. కుదరకపోతే మాకే తిరిగి ఇవ్వాలని మాట తీసుకోవడం మేలు.

రిటైర్డ్ పశువైద్యుడు:
ఆపరేషన్ చేయించి, కుట్లు మానాకే ఇస్తామని ఇద్దరికీ చెప్పి చూడండి. కుక్కే కావలసినవాడు ఆగుతాడు. మరో మాట, కొత్త చోట మొదటి కొన్ని రోజులు సరిగా తినకపోవచ్చు, సందు దొరికితే పాత ఇంటి కోసం పరుగెత్తవచ్చు. తోటకు కంచె లేకపోతే అలవాటయ్యేదాకా విడిచిపెట్టకూడదు. రైతులు చాలామంది మొదటి రాత్రే వదిలేస్తారు, తెల్లారేసరికి అది మెయిన్ రోడ్డు మీద ఉంటుంది.

సుబేదారి వాసి:
సార్ చెప్పినట్టే అన్నాను. కరీంనగర్ ఆయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. రైతు మాత్రం ఆగుతానన్నాడు. ఉగాది దాకా భార్యాభర్తలు బాయికాడే ఉంటారట, తర్వాత ఊళ్లో ఇంటికి పోతారట. కుక్కను వెంట తీసుకుపోతారా అంటే "చూద్దాం బిడ్డా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఇంట్లో బువ్వ పెట్టేది ఆమె కాబట్టి ఆమెనే అడుగుతాను. ఆదివారం అమ్మా నేనూ వెళ్తున్నాం. ఆమె వద్దంటే ఇవ్వం, ఇంకొకరిని వెతుకుతాం. అప్పటిదాకా పొద్దున తిప్పడానికి పక్కింటి పిల్లవాడిని మాట్లాడాం.

ఖిలా కుర్రాడు:
అంటే తోటకే కదా. నేను మొదటే చెప్పాను.

కాజీపేట జంక్షన్:
నువ్వు చెప్పింది తోట గురించి. అక్క వెళ్తున్నది ఆమెను అడగడానికి.

పరకాల పత్తి రైతు:
ఆదివారం పోయినప్పుడు పక్క చేను గట్టు మీద కూడా ఒకసారి నడిచి చూడు చెల్లె. తీగ పొద్దున చుట్టేస్తారు గానీ, దాన్ని కట్టే చిన్న కర్రలు అట్లనే పాతి ఉంటాయి.